కిడ్నీ పేషెంటుకి మతిమరుపు: వయసా, జబ్బా, లేక మాత్రలా?

హిందూపురం కోడలు (హోరమావు, బెంగళూరు):

అందరికీ నమస్తే. మా అత్తమ్మ గురించి అడుగుతున్నాను. వయసు 68, బరువు 52 కిలోలు. షుగర్ చాలా ఏళ్ళుగా ఉంది. మామయ్య పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. మొన్నటి రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) 2.8, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే అంకె) 18. డయాలిసిస్ ఇంకా మొదలుపెట్టలేదు.

ఈమె ఎలాంటి మనిషో చెప్తేగానీ నా బాధ మీకు అర్థం కాదు. ఊళ్ళో చీటీలు నడిపింది. ఎవరు ఏ నెల పాడుకున్నారు, ఎంత తోసి పాడారు, ఎవరు రెండు కంతులు ఎగ్గొట్టారు, అంతా నోటి లెక్కే. పుస్తకం మామయ్య రాస్తే, తప్పులు ఈమె పట్టుకునేది. అలాంటిది ఇప్పుడు సంగటి కెలుకుతూ కెలుకుతూ గరిటె పట్టుకుని ఆగిపోతుంది. తర్వాత ఏం చెయ్యాలో నన్ను అడుగుతుంది. మధ్యాహ్నం తిన్నాక కూర్చున్న చోటే తల వాల్చేస్తుంది. లేపితే పొద్దునా సాయంత్రమా అంటుంది. మా పాపను పట్టుకుని మా ఆడపడుచు పేరుతో పిలుస్తుంది. ఇంకోటి: కాఫీ గ్లాసు పట్టుకుని ఉండగానే పక్కనుంచి ఎవరో తట్టినట్టు చెయ్యి ఎగిరి పడుతుంది. పోయిన నెల రాత్రి బాత్రూంకి వెళ్తూ పడింది కూడా. దెబ్బ పెద్దది కాదు.

మందులు ఒక జౌళి షాపు సంచి నిండా ఉన్నాయి. కిడ్నీ డాక్టరు రాసినవి: బీపీకి ఆమ్లోడిపిన్, నీరు పోవడానికి ఫ్యూరోసెమైడ్, సోడా మాత్రలు, ఐరన్, ఇన్సులిన్. అరికాళ్ళ మంటకి ఎముకల డాక్టరు రాసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. దాంట్లో ప్రిగాబలిన్ 75, నార్ట్రిప్టిలిన్ 10, మిథైల్‌కోబాలమిన్ కలిసి ఉన్నాయి. గ్యాస్‌కి రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్. ఒంటి దురదకి రాత్రి హైడ్రాక్సిజీన్ 25. నిద్రకి ఆల్ప్రజోలం 0.25. ఈ చివరిది ఎప్పటిదో పాత చీటీ చూపిస్తే ఊళ్ళో మెడికల్ షాపువాళ్ళు ఇస్తూనే ఉన్నారు. ఎవరొచ్చినా ఒక షీటు తెప్పించుకుంటుంది.

బంధువులు కొందరు వయసంటారు, కొందరు కిడ్నీ తలకెక్కిందంటారు. ఇక్కడి మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌కి తీసుకెళ్ళమని మా ఆయన స్నేహితుడి సలహా. కిడ్నీ డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని అరపూట కూర్చుంటే లోపల దొరికేది ఐదు నిమిషాలు. అందులో ఏం అడగాలో తెలిసిన వాళ్ళెవరైనా చెప్పండి.

కౌంటర్ వెనకాల:

మేడం, బెంగళూరులోనే ఒక ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుని. మాది నంద్యాల. డాక్టర్ని కాను, ఆమెను చూసిందీ లేదు. ఈ మాట గుర్తుంచుకునే చదవండి.

ఆ సంచిలో మెదడు మీద పనిచేసేవి ఐదున్నాయి. ప్రిగాబలిన్, నార్ట్రిప్టిలిన్, లెవోసల్పిరైడ్, హైడ్రాక్సిజీన్, ఆల్ప్రజోలం. రాసినవాళ్ళు వేరువేరు. కాళ్ళ మంటకి వచ్చిన మనిషి ఓపీ చీటీ మీద క్రియాటినిన్ ఉండదు, చూసే డాక్టరుకి కనిపించేది కాళ్ళే.

నా అనుమానం ముందు ప్రిగాబలిన్ మీదికే పోతుంది. చాలా మందుల్ని కాలేయం విరిచి పంపుతుంది. దీన్ని మాత్రం దాదాపు ముట్టుకోదు. మింగింది మింగినట్టే మూత్రంలో పోవాలి. కిడ్నీ పోనివ్వకపోతే రాత్రి వేసిన మాత్ర ఒంట్లో ఉండగానే పొద్దుటిది వచ్చి చేరుతుంది. మీరిచ్చిన వయసు, బరువు, క్రియాటినిన్‌తో కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ లెక్క వేశాను. 1976 నాటిదే అయినా మందుల డోసుకి ఇప్పటికీ ఇదే వాడతాం. కిడ్నీ నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం శుభ్రం చేస్తోందో చెప్పే ఆ అంకె సుమారు 16 వచ్చింది. కంపెనీ ఇచ్చే పట్టికలో 15 నుంచి 30 మధ్య ఉన్నవాళ్ళకి ప్రిగాబలిన్ రోజంతా కలిపి 150 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ అత్తగారు వేసుకుంటున్నది సరిగ్గా 150. కిడ్నీలు బాగున్న మనిషికి 600 ఎలాగో, ఈమెకి 150 అలాగ. ఆ లెక్క 15 కిందికి దిగితే హద్దు 75 అవుతుంది. ఆమె ఆ అంచు మీదే ఉన్నారు.

దీని అన్నలాంటి మందు గాబాపెంటిన్ గురించి అంకెలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. మామూలు మనిషి ఒంట్లో అది సగానికి తగ్గడానికి 5 నుంచి 7 గంటలు పడుతుంది. కిడ్నీలు పూర్తిగా ఆగిపోయి, డయాలిసిస్ లేని రోజుల్లో 132 గంటలు. డయాలిసిస్ మిషన్ మీద ఉన్నప్పుడు 4 గంటల లోపే. అందుకే డయాలిసిస్ వాళ్ళకి దాన్ని సెషన్ అయ్యాక ఇస్తారు. మధ్యాహ్నం తూగు, తికమక, నడకలో తూలడం, చెయ్యి ఎగిరిపడటం, ఈ నాలుగూ ఈ రెండు మందులు ఒంట్లో పేరుకుంటే కనిపించేవే. చెయ్యి ఎగిరిపడటాన్ని మయోక్లోనస్ అంటారు. కిడ్నీ పనిచెయ్యక రక్తంలో యూరియా బాగా పెరిగినా ఇది వస్తుంది కాబట్టి ఒక్క దీన్ని చూసి తేల్చకూడదు.

నార్ట్రిప్టిలిన్, హైడ్రాక్సిజీన్ ఇంకో తరహా. జ్ఞాపకానికి మెదడు వాడుకునే ఎసిటైల్‌కోలిన్‌కి ఇవి అడ్డు పడతాయి. ఆమెకి నోరు ఎండిపోతోందా, మలబద్ధకం పెరిగిందా అడగండి. పెరిగిందంటే అదే దారిలో తల కూడా మందగిస్తుండొచ్చు. అమెరికా వృద్ధుల వైద్యుల సంఘంవాళ్ళు పెద్దవయసువాళ్ళకి వద్దనే మందుల జాబితా ఒకటి పెడతారు. బీర్స్ జాబితా అంటారు, 2023లో సవరించారు. హైడ్రాక్సిజీన్ అందులో ఉంది, ఆల్ప్రజోలం ఉంది. మెదడు మీద పనిచేసే మందులు మూడు, అంతకు మించి ఒకేసారి వద్దని, పడిపోతారని కూడా అందులోనే ఉంది.

లెవోసల్పిరైడ్‌ని మన దగ్గర గ్యాస్ మాత్ర అనుకుంటారు. అది మెదడులో కదలికల్ని నడిపే డోపమిన్‌ని అడ్డుకునే మందు. నెలల తరబడి వాడిన ముసలివాళ్ళు కొందరు అడుగులో అడుగు వేస్తూ, మొహంలో కదలిక లేకుండా, పార్కిన్సన్స్ వచ్చినవాళ్ళలా తయారవుతారు. గ్యాస్ మాత్ర తీసుకుంటున్నామని మా ఓపీలో ఎవరూ చెప్పరు, మేమే గుచ్చి అడగాలి.

ఆల్ప్రజోలం హెచ్1 షెడ్యూల్ మందు. చీటీ చూసి, రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాసి ఇవ్వాలి, ఆ రిజిస్టర్ మూడేళ్ళు దాచాలి. పాత చీటీ మీద షీట్లకు షీట్లు ఇవ్వడం తప్పే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చదివి ఈ రాత్రి నుంచి ఏదీ ఆపేయకండి. ప్రిగాబలిన్, ఆల్ప్రజోలం రెండూ ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. నిదానంగా దించాలి, ఆ దించే లెక్క డాక్టరే రాయాలి. ఆ ఐదు నిమిషాల్లో మీరు అడగాల్సిందీ ఒక్కటే: "ఈ ఐదింటిలో ఈమె కిడ్నీకి ఏది ఎక్కువ, ఏది అక్కర్లేదు, ఏది ముందు తగ్గించాలి?" షీట్లు సంచితో సహా టేబుల్ మీద పెట్టండి. పేర్లు కాగితం మీద రాసుకెళ్తే కలిపి వచ్చే మాత్రల్లో లోపల ఏముందో ఎవరికీ కనబడదు.

అనంతపురం–మారతహళ్ళి:

అక్కా, ఫార్మసీ ఆయన చెప్పింది బాగుంది గానీ మాత్రల మీదికే తోసెయ్యొద్దు. మా నాయనకీ కిడ్నీ, షుగర్ రెండూ. తెల్లవారుజామున లేచి, ఎప్పుడో చచ్చిపోయిన మా ఎద్దుల్ని తోలుకొచ్చారా అని అడిగేవాడు. మాకు అందరికీ మతి పోయింది. ఎంఆర్ఐ దాకా పోయినాం, బోలెడు డబ్బు. ఏమీ లేదు.

ఒక రాత్రి మా చెల్లెలు గ్లూకోమీటర్ పెట్టి చూస్తే 46. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తీసెయ్యడంలో కిడ్నీకి పెద్ద భాగముందంట. కిడ్నీ తగ్గేకొద్దీ అదే ఇన్సులిన్ ఎక్కువసేపు పనిచేస్తుంది. పైగా వీళ్ళకి ఆకలీ తగ్గిపోతుంది. డోసు మాత్రం పాతదే. "షుగర్ బాగా కంట్రోల్లోకి వచ్చింది" అని మేమంతా సంతోషపడుతున్న రోజులవి! డాక్టరు యూనిట్లు తగ్గించినాక ఎద్దులు మళ్ళీ రాలేదు. మీ అత్తకి మధ్యాహ్నం తూగినప్పుడు ఒకసారి, తెల్లారుజామున ఒకసారి వేలు గుచ్చి చూడండి. రక్తంలో సోడియం కూడా చూపించండి.

కౌంటర్ వెనకాల:

నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. ఇన్సులిన్ కూడా మందే కదా. షుగర్ మాత్రల్లో గ్లిబెన్‌క్లమైడ్ ఇంకా మొండిది, కిడ్నీ తగ్గినవాళ్ళలో షుగర్‌ని గంటల తరబడి కిందనే పట్టి ఉంచుతుంది. సోడియం, హిమోగ్లోబిన్, బి12, థైరాయిడ్ చూపించడం కూడా న్యాయం. కిడ్నీ జబ్బుతోనే మెదడులో సన్న రక్తనాళాలు దెబ్బతిని ఆలోచన నెమ్మదించడం నిజంగా ఉంది, దాన్ని కాదనను. కాకపోతే అలా పోయిన తెలివి తిరిగి రాదు. మందువల్ల పోయింది తిరిగొస్తుంది. తిరిగొచ్చేదాన్ని ముందు వెతకమంటున్నా, అంతే.

పచ్చాకు:

సరస్వతి ఆకు నేతిలో వేయించి రోజూ తినిపించండి, జ్ఞాపకశక్తి దానంతటదే వస్తుంది. షుగర్‌కి స్టార్‌ఫ్రూట్ రసం మంచిది, రెండూ కలిపి చేస్తే ఇంగ్లీషు మందుల అవసరమే ఉండదు.

కౌంటర్ వెనకాల:

సరస్వతి ఆకు గురించి తర్వాత కొట్లాడుకుందాం. స్టార్‌ఫ్రూట్ మాత్రం ఆ ఇంటి గుమ్మం దాటకూడదు. కిడ్నీ జబ్బువాళ్ళకి అది విషం. అందులో ఉండే కారంబాక్సిన్ అనే పదార్థాన్ని బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2013లో పట్టుకున్నారు. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే మొదట ఆగని ఎక్కిళ్ళు, తర్వాత తికమక, ఫిట్స్. ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. ఇక్కడ బళ్ళ మీద మామిడికాయ ముక్కల పక్కనే ఉప్పుకారం చల్లి అమ్ముతారు కాబట్టి గట్టిగా చెప్తున్నా.

దూరవాణినగర్ తాతయ్య:

ఎక్కిళ్ళ మాట వచ్చింది గనక నేనూ కూర్చుంటాను. టెలిఫోన్లు తయారుచేసే ఐ.టి.ఐ. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. వారానికి మూడు రోజులు డయాలిసిస్. మీరంతా రోగి గురించి మాట్లాడుతున్నారు, నేను రోగినే.

నాకు స్టార్‌ఫ్రూట్ లేకుండానే ఎక్కిళ్ళు వచ్చాయి. ఆగవు. పక్క వీధి క్లినిక్కులో బాక్లోఫెన్ అని కండరాలు సడలించే మందు, 10 మిల్లీగ్రాములది రోజుకు మూడుసార్లు రాసిచ్చారు. ఎక్కిళ్ళు ఆగాయి, దాంతోపాటు నేనూ ఆగాను. మర్నాటి సాయంత్రం నుంచి ఏం జరిగిందో నాకు తెలీదు, మా ఆవిడ చెప్తే వినడమే. టీవీలో వార్తలు చదివే అమ్మాయిని కాఫీ తెమ్మన్నానట. మా అబ్బాయిని చూసి "సూపర్‌వైజర్ గారూ, సెలవు కావాలి" అన్నానట. ఆ పైన లేపినా లేవలేదు. పక్షవాతమని ఆసుపత్రికి ఎత్తుకెళ్ళారు. స్కాన్‌లో ఏమీ లేదు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఒక్కడికే బుద్ధి పుట్టి, ఈమధ్య కొత్తగా ఏం మింగాడని అడిగాడు. మందు ఆపి, వరసగా డయాలిసిస్ పెడితే మనిషినయ్యాను. ఆ అబ్బాయి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

లోపలి నుంచి అది ఎలా ఉంటుందో చెప్తా, ఎవరూ చెప్పరు గనక. బయటికి మత్తుగా కనిపిస్తాం, లోపల మాత్రం అంతా మామూలుగానే ఉన్నట్టుంటుంది. తప్పు మాట్లాడుతున్నానని అనిపించనే అనిపించదు. కాబట్టి అమ్మా, మీ అత్తగారిని "నీకు మతిమరుపుగా ఉందా" అని అడిగి ప్రయోజనం లేదు. ఇంట్లోవాళ్ళు చూసింది చూసినట్టు తేదీలతో రాసుకోవాలి. మాత్ర ఎప్పుడు మొదలైంది, తూగు ఎప్పుడు మొదలైంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకొక ముక్క. రేపెప్పుడైనా డయాలిసిస్ మొదలైతే, మిషన్ మీద ఉండగాగానీ దిగిన వెంటనేగానీ జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టించకండి. ఆ పూట నాకు ఇంటి నంబరు కూడా తడుముకోవాల్సి వస్తుంది. మర్నాడు పొద్దున పేపర్లో పదకేళి దాదాపు నింపేస్తాను. అడ్డం ఒకటీ అరా వదిలేస్తాననుకోండి, అది డయాలిసిస్‌కి ముందూ ఉన్నదే.

కౌంటర్ వెనకాల:

తాతయ్యగారూ, మీకు జరిగింది పుస్తకాలకెక్కిన విషయమే. కెనడాలోని ఒంటారియోలో డయాలిసిస్ దాకా రాని పెద్దవయసు కిడ్నీ రోగులు దాదాపు 16 వేలమంది రికార్డులు చూశారు, 2019లో జామా అనే వైద్య పత్రికలో వేశారు. బాక్లోఫెన్ రోజుకి 20 మిల్లీగ్రాములు, ఆ పైన మొదలుపెట్టినవాళ్ళలో నెల తిరిగేలోపు మతి తప్పి ఆసుపత్రిలో చేరినవాళ్ళు 1.11 శాతం, తక్కువ డోసువాళ్ళలో 0.42 శాతం. మీకు రాసింది 30, మీదేమో డయాలిసిస్ శరీరం. సర్పికి వాడే ఎసైక్లోవిర్, ఆసుపత్రిలో ఎక్కించే సెఫిపిమ్ యాంటీబయాటిక్, నొప్పికి ట్రమడాల్, ఇవన్నీ ఇదే బాపతు. కిడ్నీకి తగ్గట్టు డోసు తగ్గించి ఇస్తే పనికొచ్చే మందులే, తగ్గించకపోతేనే మనిషిని తారుమారు చేస్తాయి.

హిందూపురం కోడలు:

అందరికీ చాలా థాంక్సండీ. ఏం జరిగిందో చెప్పాలి కదా, అందుకే మళ్ళీ వచ్చాను.

సంచి బోర్లించగానే డాక్టరు నవ్వి, మా కుర్చీ దగ్గరికి లాక్కోమన్నారు. ఐదు నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి. గ్యాస్ క్యాప్సూల్ అక్కడికక్కడే ఆపించారు. కలిపి వచ్చే మాత్ర తీసేసి విడిగా ప్రిగాబలిన్ రాసి, మెట్లు మెట్లుగా రాత్రి 25కి దించారు. హైడ్రాక్సిజీన్ పోయింది. దురదకి ముందు ఫాస్ఫరస్ తగ్గించాలని, కొబ్బరినూనె బాగా రాయమని చెప్పారు. నిద్రమాత్ర మాత్రం చాలా నిదానంగా, సగం, తర్వాత పావు. షుగర్ మధ్యాహ్నం బాగానే ఉంది. తెల్లవారుజామున ఒకసారి 68 వచ్చింది, రాత్రి ఇన్సులిన్ కొంచెం తగ్గించారు. అనంతపురం తమ్ముడూ, ఇది నీ పుణ్యమే.

చెయ్యి ఎగిరిపడటం పోయింది. మధ్యాహ్నం పడుకోవడం మానేసి నాతో సీరియల్ చూస్తూ కథ తప్పని వాదిస్తోంది. పాపను పాప పేరుతోనే పిలుస్తోంది. అంతా తిరిగొచ్చిందని మాత్రం చెప్పలేను. అడిగిందే అడగడం కొంచెం ఉంది. మొన్న పాత చీటీ లెక్క ఒకటి అడిగితే మధ్యలో తప్పిపోయింది. కాసేపు చూసి "పుస్తకం తేపో" అంది. నిమ్హాన్స్ చీటీ రాయించుకున్నాం. నిద్రమాత్ర పూర్తిగా ఆగి కొన్ని వారాలు గడిచాకే పరీక్ష పెట్టించమన్నారు.

చిక్కు ఇప్పుడు వేరే ఉంది. కాళ్ళ మంట తిరిగొచ్చింది. రాత్రుళ్ళు తడిగుడ్డ చుట్టుకుని కూర్చుంటుంది. "నిద్రపోతే మీకేం నష్టం, ఆ మాత్రే ఇవ్వండి" అని నాతో పోట్లాట. ఆమె కాళ్ళు, ఆమె మంట. తల తెలివిగా ఉంటే చాలని నేను అనుకోవడం తేలికే. డులోక్సెటిన్ అనే మందు మంచిదని ఎవరో చెప్పారు, అడగమంటారా?

కౌంటర్ వెనకాల:

డులోక్సెటిన్ నేను ముందు చెప్పిన ఆ కిడ్నీ లెక్క 30 కంటే తక్కువున్నవాళ్ళకి వద్దని దాని కాగితం మీదే ఉంటుంది, ఆమెకి కుదరదు. మింగేవి కాకుండా పైపూత గురించి అడగండి. క్యాప్సైసిన్ క్రీము ఉంది, మిరపకాయలో మంట పుట్టించే పదార్థమే. మొదటి కొన్నాళ్ళు మంట పెరిగినట్టే ఉంటుంది, రోజుకి మూడు నాలుగుసార్లు విడవకుండా రాస్తేగానీ గుణం తెలీదు. ఒకసారి రాసి పనిచెయ్యలేదని మూల పడేసేవాళ్ళే ఎక్కువ. షుగర్ కాళ్ళు కాబట్టి పగుళ్ళు, పుండ్లు ఉన్నచోట రాయకూడదు. రాసేముందు రోజూ అరికాళ్ళు వెలుతురులో చూడాలి. లిడోకైన్ పూత ఇంకొకటి. ప్రిగాబలిన్ 25 మీద మంట ఆగకపోతే కొంచెం పెంచే వీలుందేమో డాక్టర్నే అడగండి, ఆ మందు అసలే కూడదని ఎవరూ అనలేదు. నిమ్హాన్స్‌లో పరీక్ష తెలుగులో పెట్టమని ముందే చెప్పండి. ఏసీఈ అనే జ్ఞాపకశక్తి పరీక్షకి తెలుగు రూపం ఉంది. కన్నడంలోనో ఇంగ్లీషులోనో అడిగితే చీటీల లెక్కలు చేసిన మనిషికి కూడా మార్కులు తగ్గుతాయి.

దూరవాణినగర్ తాతయ్య:

ఆ క్రీము రాసిన చేత్తో కళ్ళు నలుపుకోవద్దని పెద్దావిడకి ముందే చెప్పు తల్లీ. ఇది ఏ డాక్టరూ చెప్పడు.

హిందూపురం కోడలు:

చెప్పానండీ. "మిరపకాయలు దంచిన చేతులు నావి, నాకు చెప్తావా" అంది. అయినా గ్లౌజులు తెచ్చి పెట్టాను.